భీష్ముడు అడిగిన తలగడ

శరన్నవరాత్రులు దగ్గరపడుతున్నాయి. బొమ్మల కొలువుకు మెట్లు సర్దుకుంటున్నాం, పిల్లలు కోలాటం నేర్చుకుంటున్నారు. ఈ సందడికి ముందు వచ్చే పదిహేను రోజులు మహాలయ పక్షం. ఆ రోజుల్లో మనం వెళ్ళిపోయిన పెద్దలను పేరుపేరునా తలచుకుని తిలోదకాలు వదులుతాం. మన పూర్వులు ఏమి ఆలోచించి ఈ వరస పెట్టారో గాని, పెద్ద పండుగ గడపలోకి వచ్చే ముందు పోయినవారిని ఒకసారి పలకరించి రమ్మన్నట్టుగా ఉంటుంది. అందుచేత పండుగ సంచికలో మరణం ప్రసక్తి అశుభమని ఎవరూ అనుకోరన్న నమ్మకంతో, మనలో చాలా ఇళ్ళకు ఇప్పటికే వచ్చిన, ఇకముందు ఇంకా ఎక్కువగా రాబోతున్న ఒక ధర్మసందేహాన్ని పాఠకుల ముందు పెడుతున్నాం.

సందేహం ఇది. "జబ్బు నయమయ్యే దశ దాటిపోయింది, హాస్పిస్ గురించి ఆలోచించండి" అని డాక్టరు చెప్పినప్పుడు, సరేనని సంతకం పెట్టిన కొడుకు గాని కూతురు గాని కన్నవారిని వదిలేసినట్టా? మాతృదేవోభవ, పితృదేవోభవ అని చిన్నప్పటి నుంచి విన్న మనం, ఇక వైద్యం చాలు అని ఏ నోటితో అనగలం?

1965లో అమెరికా వలస చట్టం మారిన తరువాత డాక్టర్లుగా, ఇంజనీర్లుగా ఇక్కడికి వచ్చిన తరమే 1970లలో పిట్స్‌బర్గులో వేంకటేశ్వరస్వామికి, న్యూయార్కు ఫ్లషింగ్‌లో గణపతికి గుళ్ళు కట్టింది. ఆ తరంలో చాలామంది ఇప్పుడు ఎనభైలలో ఉన్నారు. వారి తరువాత సాఫ్ట్‌వేరు ఉద్యోగాలకు వచ్చినవారు తల్లిదండ్రులను గ్రీన్ కార్డు మీద తెచ్చుకున్నారు. సొంత ఊళ్ళో అయితే ఇలాంటి సమయంలో బాబాయి, మేనమామ, ఇంటి డాక్టరు, పక్కింటి పెద్దాయన తలో మాట చెప్పేవారు. ఇక్కడ ఆ నిర్ణయం ఆసుపత్రి వరండాలో, సగం అర్థమయ్యే వైద్య పదాల మధ్య, ఒకరిద్దరి నెత్తిన పడుతుంది. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఫోనులో "అదేమిటి, అమెరికాలో ఉండి కూడా ఏమీ చేయలేమంటారా?" అన్న ప్రశ్న కూడా వస్తుంది. కాబట్టి ముందుగా ఈ హాస్పిస్ అంటే ఏమిటో సరిగ్గా తెలుసుకుందాం.

చాలామంది అనుకునేటట్టు హాస్పిస్ అన్నది చనిపోయేవారిని చేర్చే ఒక భవనం పేరు మాత్రమే కాదు. అది ఒక సేవా పద్ధతి. ఇంగ్లండులో సిసిలీ సాండర్స్ అనే ఆవిడ మొదట నర్సుగా, ఆపైన ఆసుపత్రి సోషల్ వర్కరుగా పనిచేసి, చివరకు డాక్టరు చదువు కూడా చదివి, 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించారు. మరణానికి దగ్గరైన మనిషి బాధ ఒంటి నొప్పి ఒక్కటే కాదని, అందులో భయం, ఇంటివాళ్ళ గురించిన దిగులు, బతుకుకు అర్థమేమిటన్న ప్రశ్న అన్నీ కలిసి ఉంటాయని, వైద్యం వాటన్నిటినీ పట్టించుకోవాలని ఆవిడ బోధించారు. యేల్ విశ్వవిద్యాలయంలో నర్సింగ్ కళాశాల డీన్‌గా ఉన్న ఫ్లోరెన్స్ వాల్డ్ ఆ మాటలు విని, పదవి వదులుకుని, తోటివారితో కలిసి 1974లో కనెటికట్‌లో అమెరికాలోని మొదటి ఆధునిక హాస్పిస్ మొదలుపెట్టారు. ఆ సేవ మొదలైంది రోగుల ఇళ్ళలోనే. 1982లో అమెరికా కాంగ్రెస్ దీనిని మెడికేర్‌లో చేర్చింది.

ఇప్పుడు అది నడిచే తీరు ఇలా ఉంటుంది. జబ్బు తన దారిన తాను సాగితే ఆరు నెలలకు మించి బతకడం కష్టమని ఇద్దరు డాక్టర్లు ధ్రువీకరించాలి. రోగి, ఇక జబ్బును నయం చేసే వైద్యం కాకుండా బాధను తగ్గించే వైద్యం కావాలని ఒప్పుకోవాలి. అప్పుడు నర్సు ఇంటికి వచ్చి చూస్తుంది. రాత్రి పొద్దుపోయినా ఫోను చేస్తే పలుకుతారు. స్నానం చేయించే సహాయకులు, సోషల్ వర్కరు, ఆధ్యాత్మిక సలహాదారు, వాలంటీర్లు వస్తారు. ఎత్తు తగ్గించి పెంచే మంచం, ఆక్సిజన్, నొప్పి మందులు ఇంటికే చేరుస్తారు. ఆరు నెలలు దాటినా డాక్టరు మళ్ళీ పరీక్షించి ధ్రువీకరిస్తే సేవ కొనసాగుతుంది. వద్దనుకుంటే ఏ రోజైనా మానుకుని మళ్ళీ వైద్యానికి వెళ్ళవచ్చు. ఈ చివరి మాట చాలామందికి తెలియదు. హాస్పిస్ కాగితం మీద సంతకం తిరుగులేని తీర్పని భయపడతారు.

అయితే ఒక సంగతి మొదటే గుర్తుంచుకోవాలి. రోజంతా పక్కన కూర్చునే మనిషిని సాధారణంగా హాస్పిస్ ఇవ్వదు. నర్సు వచ్చి వెళ్ళిపోతుంది. పక్క మార్చడం, మందు వేళకు ఇవ్వడం, అర్ధరాత్రి మూలుగు వింటే లేవడం ఇంటివాళ్ళ పనే. కన్నవారిని ఎవరికో అప్పజెప్పి చేతులు దులుపుకోవడమే హాస్పిస్ అని అనుకునేవారు దానిని దగ్గరగా చూడలేదన్నమాట.

ఇక ధర్మసందేహానికి వద్దాం. వైద్యం ఆపడం వదిలేయడమేనా? ఈ ప్రశ్నకు మన భారతంలోనే ఒక ఘట్టం ఉంది. పదో రోజు యుద్ధంలో భీష్ముడు అంపశయ్య మీద ఒరిగాడు. తల వేలాడుతోంది, తలగడ కావాలన్నాడు. రాజులు పరుగెత్తి మెత్తని పట్టు తలగడలు తెచ్చారు. ఇవి ఈ పడకకు తగినవి కావన్నాడు. అర్జునుడి వైపు చూశాడు. అర్జునుడు కన్నీళ్ళతో మూడు బాణాలు నేలలో నాటి తాతగారి తలకు ఆనుగా నిలిపాడు. ఆయన సంతోషించాడు. బాణాలు తీయడంలో ఆరితేరిన శస్త్రవైద్యులు పరికరాలతో సహా వచ్చి నిలబడ్డారు. వారికి తగిన సత్కారం చేసి పంపించివేయమని భీష్ముడు దుర్యోధనుడితో చెప్పాడు. మరునాడు దాహమన్నాడు. మళ్ళీ రాజులందరూ భక్ష్యాలూ చల్లని నీళ్ళ కుండలూ పట్టుకొచ్చారు. ఆయన అడిగింది అది కాదు. అర్జునుడు నేలలోకి బాణం వేసి పాతాళగంగను పైకి తెచ్చి దాహం తీర్చాడు.

ఈ కథ మనం హరికథల్లో, సినిమాల్లో ఎన్నోసార్లు విన్నాం. అందులోని వైద్యుల సంగతి మాత్రం ఎవరమూ పెద్దగా పట్టించుకోలేదు. భీష్ముడు వైద్యులను పంపించివేశాడు గాని మనవలను పంపించలేదు. యుద్ధం ముగిశాక ధర్మరాజు తమ్ములతో, శ్రీకృష్ణుడితో కలిసి వచ్చి ఆ పడక పక్కన కూర్చున్నాడు. శాంతిపర్వం, అనుశాసనికపర్వం అలా కూర్చుని విన్న మాటలే. తాతగారికి వైద్యం మాన్పించారని పాండవులను ఇంతవరకు ఎవరూ నిందించలేదు. వదిలేయడం అంటే దగ్గర లేకపోవడం. వైద్యం ఉందా లేదా అన్నది వేరే లెక్క. వెంటిలేటరు మీద, గాజు తలుపుల వెనుక, చేతులు కట్టేసి ఉన్న పెద్దాయనకు వైద్యం పూర్తిగా జరుగుతూ ఉండవచ్చు. అయినా ఆయన ఒంటరిగానే ఉండవచ్చు.

భీష్ముడికి స్వచ్ఛంద మరణం వరం ఉంది, మామూలు మనుషులకు ఆ పోలిక ఎలా కుదురుతుందని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఒరెగాన్ వంటి కొన్ని రాష్ట్రాల్లో డాక్టరు రాసిచ్చిన మందుతో రోగి తానుగా ప్రాణం ముగించుకునే చట్టం ఉంది. హాస్పిస్ అది కాదు. ప్రాణాన్ని తొందరపెట్టకుండా, పోయే ప్రాణాన్ని బలవంతాన పట్టి నిలపకుండా, ఉన్నన్నాళ్ళూ బాధ లేకుండా చూడడమే దీని పని. ఏ వైద్యం కావాలో, ఏది వద్దో చెప్పుకునే హక్కు మనిషికి ఉందని ఆసుపత్రులు రోగులకు తెలియజేయాలని అమెరికాలో 1990లోనే చట్టం వచ్చింది. వరం కాకపోయినా, ఆ మేరకు చట్టం మన పెద్దలకు నోరిచ్చింది.

మన ఇళ్ళలో ఈ దారికి అడ్డువచ్చే భయాలు రెండు. మొదటిది అన్నం గురించి. మనకు ప్రేమ అంటే వడ్డించడమే. అమ్మ నాలుగు ముద్దలు తినకపోతే మనకు ముద్ద దిగదు. చివరి రోజుల్లో ఆకలి దానంతటదే చచ్చిపోతుంది, మింగే శక్తి పోతుంది, తిన్నదానిని ఒళ్ళు వాడుకోలేదు. అప్పుడు బలవంతాన పెడితే ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకో జబ్బు అవుతుంది. తినకపోవడం వల్ల పోవడం లేదు, పోతున్నారు కనుక తినడం లేదు అని హాస్పిస్ నర్సులు చెబుతారు. ఈ మాట మనసుకు ఎక్కడానికి రోజులు పడుతుంది. పెదవులు తడపవచ్చు. పెరుగన్నం మజ్జిగను నాలుకకు రాయవచ్చు. తులసితీర్థం పోయాలనుకునేవారు ఎన్ని చుక్కలు, ఎలా అని నర్సును ముందే అడిగి పెట్టుకోవచ్చు.

రెండో భయం మార్ఫిన్. ఆ మందు పేరు వినగానే "ఇక చంపేస్తారా" అనేవారున్నారు, అలవాటైపోతుందేమో అనేవారున్నారు. నొప్పికి, ఆయాసానికి తగిన మోతాదు చూసుకుని ఇచ్చే మార్ఫిన్ ప్రాణం తీయదు. నొప్పి తగ్గితే మనిషి కళ్ళు తెరిచి మాట్లాడతాడు. దీనికి సంబంధించి ఒక పరిశోధన చెప్పుకోదగినది. బోస్టన్‌లోని మాసచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సరు ఉన్న 151 మంది మీద జరిపిన అధ్యయనం 2010లో వెలువడింది. మామూలు క్యాన్సరు వైద్యంతో పాటు మొదటి నుంచీ బాధానివారణ సేవ కూడా పొందినవారు, అది పొందనివారికంటే తక్కువ దిగులుతో ఉన్నారు. అంతేకాక సుమారు రెండున్నర నెలలు ఎక్కువగా బతికారు. ఇది హాస్పిస్ మీద చేసిన పరిశోధన కాదు, వైద్యంతో పాటు నడిచిన సేవ మీద చేసినది. అయినా, బాధ తగ్గిస్తే ఆయుష్షు తగ్గుతుందన్న మన భయానికి అది మంచి సమాధానం.

ఈ భయాల వల్లనే మనవాళ్ళు ఆలస్యంగా కదులుతారు. మనవాళ్ళనేమిటి, దేశమంతా అలాగే ఉంది. 2022లో మరణించిన మెడికేర్ సభ్యుల్లో దాదాపు సగం మంది హాస్పిస్ సేవ తీసుకున్నారు. కాని తీసుకున్నవారిలో సగం మంది ఆ సేవలో ఉన్నది 18 రోజులు, అంతకంటే తక్కువ. ఆరు నెలలకు హక్కు ఉండగా రెండున్నర వారాలు. నర్సు పేరు నోటికి వచ్చేలోపే అంతా అయిపోతుంది.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. నాన్నగారికి చెప్పాలా వద్దా? మన ఇళ్ళలో ఎక్కువగా జరిగేది ఇది. డాక్టరు ఇంగ్లీషులో చెబుతారు. కొడుకు మధ్యలో నిలబడి తెలుగులో చెబుతాడు. డాక్టరు నాలుగు నిమిషాలు మాట్లాడితే తెలుగులోకి వచ్చేది "ఏమీ ఫరవాలేదన్నారు, మందు మారుస్తారట" అన్న ఒక్క ముక్క. ఇందులో మోసం లేదు, ప్రేమే ఉంది. నిజం తెలిస్తే ధైర్యం పోతుందని, ధైర్యం పోతే ప్రాణం పోతుందని భయం. కాని నాన్నగారు కొడుకు ముఖం చూసి కనిపెట్టేస్తారు. కనిపెట్టినట్టు తెలియనివ్వరు. ఒకరినొకరు కాపాడుకుంటూ తండ్రీకొడుకులు చివరి నెల అంతా వాతావరణం గురించి మాట్లాడుకుంటారు.

పరీక్షిత్తు కథ ఇక్కడ గుర్తుకు వస్తుంది. ఏడు రోజుల్లో తక్షకుడి విషంతో మరణిస్తావని శాపం. ఆ సంగతి రాజుకు తెలిసింది. తరువాత ఆయన ఏమి చేశాడన్నది మన గ్రంథాలు రెండు రకాలుగా చెబుతాయి. భారతం ఆదిపర్వంలో ఆయన ఒంటిస్తంభం మేడ కట్టించుకుని, చుట్టూ వైద్యులను, మందులను, మంత్రవేత్తలను పెట్టుకుని లోపల కూర్చున్నాడు. ఈగ దూరే సందు లేదు. తక్షకుడు పండులో పురుగై వచ్చాడు. భాగవతంలో అదే రాజు రాజ్యం కొడుకుకు అప్పజెప్పి గంగ ఒడ్డున కూర్చున్నాడు. చనిపోబోయే మనిషి చేయవలసినది ఏమిటని శుకమహర్షిని అడిగాడు. ఆ ఏడు రోజులు విన్న కథే మనకు పోతన తెలుగులో ఇచ్చిన భాగవతం.

మేడ కట్టడం తప్పని మేము అనడం లేదు. భారత కథలో కాశ్యపుడనే విషవైద్యుడు నిజంగా బతికించగలవాడు, రాజు దగ్గరకు బయలుదేరాడు కూడా. తక్షకుడు ధనమిచ్చి దారిలోనే వెనక్కి పంపకపోతే పరీక్షిత్తు బతికేవాడు. కాబట్టి కాశ్యపుడు వచ్చే వీలున్నంతకాలం ఎదురుచూడవలసిందే, నయమయ్యే జబ్బుకు చివరిదాకా పోరాడవలసిందే. కాని రెండు కథల్లోనూ ఒక్కటి సమానంగా ఉంది. గడువు ఎంతో రాజుకు తెలుసు. మేడా గంగ ఒడ్డా అన్నది ఆయనే తేల్చుకున్నాడు. తెలియనివ్వకుండా దాచినప్పుడు మనం పెద్దలకు గంగ ఒడ్డు లేకుండా చేస్తున్నాం.

అందరూ అంతా తెలుసుకోవాలని కోరరు. "నాకు చెప్పకండి, మా పెద్దవాడితో మాట్లాడండి" అనే అత్తగారు ఉంటారు. అదీ ఆవిడ నిర్ణయమే, గౌరవించాలి. "మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" అని ముందు అడిగితే చాలు. అడగడానికి పిల్లలకు నోరు రాకపోతే ఆసుపత్రిలో దుబాసీని అడగవచ్చు. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు, హాస్పిస్‌లు ఇంగ్లీషు రాని రోగికి భాషా సహాయం ఇవ్వాలి. చాలాచోట్ల ఫోను మీద తెలుగు దుబాసీ దొరుకుతారు. అప్పుడు కొడుకు కొడుకుగా పక్కన కూర్చోవచ్చు.

ఈ ప్రశ్న అడిగిన ఒక భారతీయ కుటుంబం కథ లోకానికి తెలుసు. మహారాష్ట్ర నుంచి వచ్చి ఒహాయో రాష్ట్రంలోని ఏథెన్స్ ఊళ్ళో యూరాలజిస్టుగా స్థిరపడిన డాక్టర్ ఆత్మారాం గవాండేగారికి వెన్నుపాములో కంతి వచ్చింది. ఆయన భార్య డాక్టరు, కొడుకు అతుల్ గవాండే పేరున్న సర్జన్. ముగ్గురు డాక్టర్లున్న ఇంట్లో కూడా ఆ మాట ఎత్తడం కష్టమైందని కొడుకు 2014లో వచ్చిన 'బీయింగ్ మోర్టల్' అనే పుస్తకంలో రాశారు. దేనికి ఎక్కువ భయపడుతున్నారు, ఏది పోతే బతుకు వద్దనిపిస్తుంది అని తండ్రిని అడిగారు. కాళ్ళూ చేతులూ పడిపోయి బతకడం తనవల్ల కాదని ఆయన చెప్పారు. తరువాతి నిర్ణయాలకు ఆ జవాబే ఆధారమైంది. చివరకు హాస్పిస్ సేవతో, ఇంట్లో, 2011లో ఆయన పోయారు. అస్థికలను కాశీలో గంగలో కలిపారు. ఆ పుస్తకం చదివినవారికి ఒకటి తెలుస్తుంది. డాక్టర్లయినంత మాత్రాన ఆ ప్రశ్న సులువు కాదు, అడిగినందువల్ల మాత్రం మేలే జరిగింది.

ఇక సేవ చేసేవారి సంగతి. మనకు శ్రవణకుమారుడు ఆదర్శం. కావడికి రెండు వైపులా తల్లీ తండ్రీ, మోసేది ఒక్క భుజం. ఆ ఒక్క భుజం పడిపోగానే ముగ్గురూ పోయారన్నది కథలో మనం మరిచిపోయే భాగం. ఇక్కడి ఇళ్ళలో ఆ భుజం చాలాసార్లు కోడలిది. ఆఫీసు, పిల్లల బడి, వంట, పైన మామగారి మందులు. 1993 నాటి కేంద్ర చట్టం ప్రకారం తగిన అర్హత ఉన్న ఉద్యోగికి తల్లి, తండ్రి, భార్య, భర్త, పిల్లల సేవ కోసం ఏడాదిలో 12 వారాల జీతం లేని సెలవు దొరుకుతుంది. అందులో అత్తమామలు లేరు. చట్టం లెక్కలో కోడలు మామగారికి ఏమీ కాదు. మన ఇంటి లెక్కలో ఆవిడే అంతా. అందుచేత ఆ 12 వారాల సెలవు అడగవలసింది కన్నకొడుకు. "నాకు ఆఫీసులో కుదరదు, ఆవిడ చూసుకుంటుంది" అన్న మాట ఈ విషయంలో చెల్లదు.

సేవ చేసేవారు అలిసిపోయినప్పుడు రోగిని వరసగా అయిదు రోజుల వరకు తమ కేంద్రంలో ఉంచుకుని చూసే ఏర్పాటు మెడికేర్ హాస్పిస్‌లో ఉంది. దానిని వాడుకోవడానికి మనవాళ్ళు సిగ్గుపడతారు. సిగ్గుపడవలసినది ఏమీ లేదు. అయిదు రాత్రులు నిద్రపోయిన కోడలు ఆరో రోజున చిరాకు లేకుండా పక్క మారుస్తుంది. గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులు 65 ఏళ్ళు నిండి, అయిదేళ్ళు ఇక్కడ ఎడతెగకుండా నివాసం ఉంటే డబ్బు కట్టి మెడికేర్‌లో చేరవచ్చు. చుట్టపుచూపుగా విజిటర్ వీసా మీద వచ్చినవారికి ఆ వీలు లేదు. అలాంటప్పుడు లాభాపేక్ష లేని హాస్పిస్‌లను ఉచిత సేవ ఉందేమో అడిగి చూడాలి. ఈ రోజుల్లో ఎక్కువ హాస్పిస్‌లు లాభం కోసం నడిచేవే. అన్నీ ఒకే తీరుగా ఉండవు. రాత్రి ఫోను చేస్తే నర్సు ఎంతసేపట్లో వస్తుంది, అమ్మకు స్నానం చేయించడానికి ఆడమనిషినే పంపుతారా అని చేరే ముందే అడగడం మంచిది. ప్రాణం పోయినప్పుడు 911కు కాకుండా హాస్పిస్‌కు ఫోను చేయాలన్న సంగతి కూడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. తెలియక 911 పిలిస్తే, వద్దని రాసిన డాక్టరు కాగితం చేతికి అందకపోతే, వచ్చినవారు ఛాతీ మీద నొక్కడం మొదలుపెడతారు.

తోటివారుగా మన వంతు కూడా ఉంది. ఒక ఇంట్లో పెద్దవారు మంచాన ఉన్నారని తెలిస్తే మనం పళ్ళు పట్టుకుని గుంపుగా వెళ్ళి, గంట కూర్చుని, వారితోనే కాఫీ పెట్టించుకుని వస్తాం. ఈసారి ఒక్కరు వెళ్దాం, రెండు గంటలు పెద్దాయన పక్కన కూర్చుని ఇంటివాళ్ళను పడుకోమందాం. ఆయనకు చదువు వస్తే పాత 'చందమామ' చదివి వినిపిద్దాం. హాస్పిస్‌లలో మొత్తం సేవా సమయంలో కనీసం నూటికి అయిదు వంతులు వాలంటీర్లు చేయాలని మెడికేర్ నియమం. వారు శిక్షణ కూడా ఇస్తారు. తెలుగు మాట్లాడే వాలంటీరు ఒక్కరున్నా, ఇంగ్లీషు రాని అమ్మమ్మకు అది గంగ ఒడ్డే.

పోయిన తరువాత మిగిలే దుఃఖం గురించి రెండు మాటలు. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో రాసిన పుస్తకంలోని అయిదు దశల పేర్లు అందరూ వినే ఉంటారు. ఆవిడ మొదట చెప్పినది చనిపోబోయే రోగుల మనసు గురించి. తరువాత లోకం దానిని దుఃఖపడేవారికి టైముటేబులుగా మార్చింది. దుఃఖం వరసలో రాదు. పోయిందనుకున్నాక కిరాణా కొట్టులో నాన్నగారికి ఇష్టమైన ఆవకాయ సీసా కనబడగానే తిరిగి వస్తుంది. ఇక్కడ ప్రైవేటు ఉద్యోగికి చావు సెలవు ఇచ్చి తీరాలన్న కేంద్ర చట్టం ఏదీ లేదు. కంపెనీలు దయతలచి ఇచ్చే మూడు నాలుగు రోజులే. మన పెద్దలు మాత్రం పన్నెండు రోజులు, ఆపైన నెలనెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం అని పెట్టారు. మెడికేర్ నియమాల్లోనూ మరణం తరువాత ఏడాది వరకు ఇంటివారి మనోవ్యథకు తోడుండే సేవ హాస్పిస్ బాధ్యతే. రెండు నాగరికతలూ వేరువేరుగా ఆలోచించి ఏడాది దగ్గర కలవడం విశేషం. మాసికం నాడు ఎవరో ఒకరు ఫోను చేసి "ఈరోజు అమ్మగారిది కదూ" అంటే ఆ ఏడాది గడుస్తుంది.

కన్నవారు అక్కడ పోతుంటే ఇక్కడ చిక్కుకుపోయినవారి దుఃఖం ఇంకో రకం. 2020లో కోవిడ్ రోజుల్లో ఎంతోమంది తండ్రి చితిని ఫోను తెర మీద చూశారు. వీసా ముద్ర కోసం ఆగినవారికి కోవిడ్ లేకపోయినా అదే గతి. ఆఖరి చూపు దక్కలేదన్న బాధకు మందు లేదు. కాని చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇప్పుడు హైదరాబాదులో కూడా ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో బాధానివారణ విభాగం ఉంది, 2011 నుంచి స్పర్శ్ హాస్పిస్ నడుస్తోంది. గౌరవంగా మరణించే హక్కును, ముందుగా రాసిపెట్టే వైద్య వీలునామాను భారత సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. దూరాన ఉన్నవారు డబ్బుతో పాటు ఈ సమాచారం కూడా పంపవచ్చు. రోజూ ఒక వేళకు ఫోను చేసి, మాట్లాడలేని అమ్మ చెవి దగ్గర పెట్టించి, ఇంటి కబుర్లు చెప్పవచ్చు.

మొదటి ప్రశ్నకు మా జవాబు ఇప్పటికి పాఠకులకు అర్థమయ్యే ఉంటుంది. వైద్యం చాలన్న సంతకం కన్నవారిని వదిలేసినట్టు కాదు. ఆ సంతకం తరువాత పక్కన ఎవరున్నారన్నదే అసలు లెక్క. పట్టు తలగడలు తెచ్చిన రాజులకు భీష్ముడి మీద ప్రేమ లేదని ఎవరంటారు? వారు తమకు తోచింది తెచ్చారు. అర్జునుడు తాతగారి వైపు చూసి, ఆయనకు కావలసింది ఇచ్చాడు. మన పెద్దలకు కావలసింది ఏమిటో ఊహించడానికి మనం అర్జునులం కాదు కనుక, నోరు తెరిచి అడగడమే మార్గం.

విజయదశమి నాడు జమ్మి ఆకు పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకు దణ్ణం పెడతాం. ఈసారి దణ్ణం పెట్టి లేచి వెళ్ళిపోకుండా, పక్కన కాసేపు కూర్చుందాం. ఆరోగ్యంగా ఉన్నప్పుడే, నవ్వుతూ ఉన్నప్పుడే, "అమ్మా, ఒంట్లో బాగాలేని రోజు వస్తే నీకు ఏది కావాలి, ఏది వద్దు?" అని అడుగుదాం. వారు చెప్పింది ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టించి, అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ తలో ప్రతి ఇద్దాం. మొదటిసారి అడిగితే కసురుకోవచ్చు. రెండోసారి అడిగితే చెబుతారు.

పాఠకులందరికీ దసరా శుభాకాంక్షలు.